మిణుగురుల సర్వే: మెరుపుల మధ్య విరామమే ఆనవాలు

తమిళనాడులోని ఆనమలై పులుల అభయారణ్యంలో 2022 ఏప్రిల్‌లో అటవీ అధికారులు, శాస్త్రవేత్తలు రాత్రివేళ మిణుగురులను పరిశీలించారు. ఒక చెట్టున మొదలైన మెరుపు పక్క చెట్లకు అలలా పాకింది. అవి అబ్‌స్కాండిటా ప్రజాతివని గుర్తించారు.

ఎగిరే మగ మిణుగురు తన జాతికే ప్రత్యేకమైన లయలో మెరుస్తుంది. ఆడది సాధారణంగా గడ్డి మీది నుంచి బదులిస్తుంది. అందుకే సర్వేలో మెరుపుల సంఖ్య ఒక్కటే చాలదు, వాటి మధ్య విరామాన్ని సెకన్లలో కొలవాలి. వాతావరణం వేడెక్కితే ఆ విరామం తగ్గుతుంది. ఉష్ణోగ్రత నమోదు చేయకపోతే ఒకే జాతిని రెండుగా పొరబడే ప్రమాదముంది.

తెల్లని టార్చి వెలుగు ఈ సంభాషణకు అడ్డు. పరిశీలకులు మసక ఎర్రని వెలుతురునే వాడతారు. రెక్కలొచ్చిన మిణుగురు బతికేది కొద్ది వారాలే కనుక, అడవి అంచున రాత్రంతా వెలిగే దీపాల నష్టం తర్వాతి ఏళ్ల లెక్కల్లోనే బయటపడవచ్చు.