పన్నెండు మిల్లీమీటర్ల దారి

చిన్నప్పుడు మామయ్య తెచ్చిన కీ రైలుకి పట్టాలు లేవు. గచ్చు మీద సుద్దముక్కతో మేమే గీసుకునేవాళ్లం. ముప్పయ్యారేళ్ల వయసులో మళ్లీ అదే పని మొదలుపెట్టాను. కాకపోతే ఈసారి ఆరడుగుల ప్లైవుడ్ చెక్క, స్కేలు, ఒక స్ప్రెడ్‌షీట్. గీయాలనుకున్నది గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల దారి. మొదటి రాత్రే ఇరుక్కుపోయాను: పట్టాల మధ్య ఎంత దూరం ఉండాలి?

మోడల్ రైళ్లలో బాగా చెల్లుబాటయ్యే హెచ్ఓ స్కేల్లో బొమ్మ అసలుకి 87వ వంతు. పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 1435 వస్తుంది, అంటే యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19.26. పెట్టె విప్పి పరిచేసే మామూలు పట్టాలతో ఇది కుదరదు. 1850ల్లో డల్హౌసీ హయాంలో జరిగిన నిర్ణయం నా చెక్క మీద మూడు మిల్లీమీటర్ల చిక్కై కూర్చుంది.

చాలామంది సర్దుకుపోతారు. ఇంగ్లీషువాళ్లే సర్దుకున్నారు. వాళ్ల ఇంజన్లు అసలే చిన్నవి, 87వ వంతుకి కుదిస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని బండిని 76వ వంతు చేసి, పట్టాలు మాత్రం అవే 16.5 ఉంచేశారు. లావుపాటి మనిషికి పిల్లాడి చెప్పులు తొడిగినట్టు! మనకి రైలు నేర్పినవాళ్ల ఇళ్లలో ఇప్పటికీ అవే తిరుగుతున్నాయి.

అయినా నాకు గుర్తున్నది బ్రాడ్‌గేజ్ కాదు, మీటర్‌గేజ్. 1870లో మేయో వైస్రాయ్‌గా ఉండగా, ఖర్చు తగ్గించడానికి తెచ్చిన సన్న దారి. దేశం మెట్రిక్ కొలతలకి మారబోతోందన్న నమ్మకంతో సరిగ్గా మీటరు పెట్టారు. దేశం మారడానికి ఇంకో ఎనభై ఏళ్ల పైన పట్టింది. పట్టాలు మాత్రం ముందే మారిపోయి ఎదురుచూశాయి. ఆ లైను మీదే, బొగద దగ్గర లోయ దాటడానికి, 1880ల్లో దొరబావి వంతెన కట్టారు. 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలైంది. బ్రాడ్‌గేజ్ లైను వేరే పక్కనుంచి పోయింది. వంతెన మీది ఇనుము ఊడదీశారు. స్తంభాలు అడవిలో ఉండిపోయాయి.

మీటర్‌గేజ్ పోయిందని ఏడ్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. గేజ్ మారే స్టేషన్లో సరుకంతా దించి మరో బండికెక్కించిన కూలీల నడుములని అడగాలి ఆ సంగతి.

కానీ లెక్క ఇలా తేలింది: వెయ్యిని 87తో భాగిస్తే 11.49. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల మోడళ్ల కోసం 12 మిల్లీమీటర్ల పట్టా రెడీగా అమ్ముతారు. ఇవాళ నడుస్తున్న బండికి పట్టా లేదు, పోయిన బండికి ఉంది.

స్ప్రెడ్‌షీట్‌లో బ్రాడ్‌గేజ్ షీటు చెరిపేశాను. ఆరడుగులంటే అసలు నేల మీద 159 మీటర్లే, వంతెన మొత్తం పట్టదు. నాలుగు స్తంభాలు, ఒక వంపు, అంతే. లోయ ఏ కిటికీలోంచి బాగా కనపడేదో అమ్మకి ఫోన్ చేసి అడిగాను.

"వంతెన వస్తోందంటేనే నీ చొక్కా పట్టుకుని ఒళ్లోకి లాక్కునేదాన్ని. నువ్వెప్పుడు చూశావురా లోయ?" అంది.