రోమనెస్క్ చర్చి శిల్పం – రాయి చెక్కిన చేతులు

పశ్చిమ ఐరోపాలో ఇంచుమించు క్రీ.శ. 1000 నుండి 1200 వరకు వర్ధిల్లిన చర్చి నిర్మాణ, శిల్ప, చిత్రకళా రీతిని రోమనెస్క్ అంటారు. రోమను పద్ధతిని పోలినది అని ఈ మాటకు అర్థం. ఆ కాలపు జనులు ఈ పేరు ఎరుగరు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో పండితులు పెట్టిన పేరిది. ఎక్కడి ఐరోపా చర్చిలు, ఎక్కడి కామాఠీపురా అని పాఠకులు అనుకోవచ్చు. కట్టించినవారి పేరు నిలిచి, కట్టినవారి పేరు మాసిపోవడం ఈ రెండు చోట్లా ఉన్న సంగతి.

లక్షణాలు

గుండ్రని కమాను, మందమైన గోడలు, చిన్న కిటికీలు ఈ రీతికి గుర్తులు. అంతకు ముందు చర్చిలకు ఎక్కువగా కొయ్య కప్పులు ఉండేవి. అవి తరచుగా అగ్నికి ఆహుతి అయ్యేవి. వాటి స్థానంలో రాతి కప్పు వేయసాగారు. రాతి బరువును మోయడానికి గోడలు లావుగా ఉండవలసి వచ్చింది. లావు గోడలో పెద్ద కిటికీ పెట్టడం ప్రమాదకరం. అందుచేతనే ఈ చర్చిల లోపల వెలుతురు తక్కువ. తరువాత వచ్చిన గోథిక్ రీతిలో కొనదేలిన కమాను ప్రధానమైంది.

నాటి సమాజం

భూమి ప్రభువుల చేతిలోను, మఠాల చేతిలోను ఉండేది. రైతు తన పంటలో పదవ వంతు చర్చికి చెల్లించేవాడు. ప్రభువులు తమ ఆత్మశాంతికై మఠాలకు భూములు దానం చేసేవారు. ఫ్రాన్సులో 910లో స్థాపితమైన క్లూనీ మఠం ఈ దానాలతో గొప్ప సంపన్న సంస్థగా ఎదిగింది. 1088లో అక్కడ ప్రారంభమైన మూడవ చర్చి కొన్ని శతాబ్దాల పాటు క్రైస్తవ లోకంలోకెల్లా పెద్దదిగా నిలిచింది. స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రకు వేలాది జనం నడిచి వెళ్లేవారు. ఆ దారి పొడవునా పవిత్ర అవశేషాలు గల చర్చిలు వెలిశాయి. యాత్రికుల కానుకలు కూడా రాళ్లుగా మారాయి.

సామాన్యులకు చదువు రాదు. ప్రార్థన లాటిన్‌లో జరిగేది. చదువురాని వానికి బొమ్మయే గ్రంథమని క్రీ.శ. 600 ప్రాంతంలో పోప్ గ్రెగొరీ భావించాడు. రోమనెస్క్ శిల్పులు ఈ భావానికి రాతిలో రూపం ఇచ్చారు. ద్వారంపైన అర్ధచంద్రాకారపు ఫలకంలో అంతిమ తీర్పు, స్తంభాల తలలపై బైబిలు కథలు, చూరు కింద గారడీవాళ్లు, వింత జంతువులు కనిపిస్తాయి. ఈ ఆడంబరాన్ని అందరూ మెచ్చుకోలేదు. బీదలు ఆకలితో ఉండగా గోడలకు బంగారం పూయడమేమిటని 1125 ప్రాంతంలో బెర్నార్డ్ అనే మఠాధిపతి మందలించాడు.

ఎవరి పేరు నిలిచింది?

ఫ్రాన్సులోని ఓతాఁ చర్చి ద్వారంపై 1130 ప్రాంతంలో చెక్కిన తీర్పు శిల్పంలో గిస్లెబెర్తుస్ అనే పేరు ఉంది. ఇది చేసినవాడు ఇతడని ఆ శాసనం. అది శిల్పి పేరని చాలామంది నమ్మారు. కట్టించిన దాత పేరై ఉండవచ్చునని మరికొందరి వాదం. మిగిలిన చర్చిలలో అధికభాగం అనామకుల పనియే.

మన పాలంపేట ఆలయం ఈ యుగానికి దగ్గరిదే. 1213 నాటి శాసనం కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుని పేరు చెబుతుంది. శిల్పిదిగా చెప్పే రామప్ప పేరును నిలిపింది మాత్రం జనశ్రుతి. 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా నమోదైన పేరులో కూడా రామప్ప ఉంది.

ముంబైకి వచ్చిన మధ్యయుగం

పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు తమ మధ్యయుగపు రీతులను ముంబైలో తిరిగి కట్టారు. ఇంగ్లండులో రోమనెస్క్‌ను నార్మన్ అంటారు. 1869లో పూర్తయిన క్రాఫర్డ్ మార్కెట్టును నార్మన్, ఫ్లెమిష్ రీతుల కలయికగా వర్ణిస్తారు. రూపకర్త విలియం ఎమర్సన్. ప్రవేశద్వారంపై రైతుల బొమ్మలు లాక్‌వుడ్ కిప్లింగ్ రూపొందించినవి. 1888లో ముగిసిన విక్టోరియా టెర్మినస్ గోథిక్ కోవకు చెందినది. దాని రాతిపనిలో జె.జె. కళాశాల విద్యార్థుల చేయి ఉంది. రూపకర్తల పేర్లు పుస్తకాలలో ఉన్నాయి.

రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని లేపిన కూలీలలో కామాఠీలు ముఖ్యులు. వీరు నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి పద్దెనిమిదవ శతాబ్ది చివరి నుండి వచ్చినవారు. వీరి పేరు మీదనే కామాఠీపురా వెలసింది. వీరు కట్టిన ఫలానా గోడ అని చెప్పే శిలాఫలకం ఒక్కటీ లేకపోయినా, ఒక ఆనవాలు ఉంది. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి ముంబైలో అండగా నిలిచినవారిలో జాయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్ వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. నేడు క్రాఫర్డ్ మార్కెట్టుకు అధికారిక నామం మహాత్మా జ్యోతిబా ఫూలే మండై.

దాదర్ పాఠం

మన సరిహద్దు జిల్లాల వారు రైలు దిగే దాదర్‌లోనే మరొక ఉదాహరణ ఉంది. పశ్చిమ దాదర్‌లోని పోర్చుగీసు చర్చి 1596లో స్థాపితమైంది. ఇప్పుడున్న కట్టడం 1977 నాటిది. రూపకర్త చార్లెస్ కొరియా 1930లో సికిందరాబాదులో జన్మించారు. రోమనెస్క్ చర్చి లావు గోడల నడుమ చీకటిని నిలిపితే, ఇది ముంగిళ్లు తెరచి గాలిని, వెలుతురును లోనికి పిలిచింది. ఇక్కడ కూడా పుస్తకాలకెక్కినది రూపకర్త పేరే గాని కాంక్రీటు పోసిన కూలీల పేర్లు కావు.

కామాఠీపురా పేరు చెప్పడానికి నేడు మన పిల్లలు సిగ్గుపడుతున్నారు. ఆ వాడకు వచ్చిన అపఖ్యాతి అందుకు కారణం. కాని ఆ మాటలో ఉన్నది శ్రమయే. పాత చాళ్లు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. తాతలు ఏ పనికి వచ్చారో, ఏ కట్టడంలో రాయి ఎత్తారో పెద్దలు జ్ఞాపకముంచుకున్నంత వరకైనా పిల్లలు అడిగి తెలుగులో గాని మరాఠీలో గాని వ్రాసిపెట్టవలెను. రామప్ప పేరు మనకు దక్కినది ఎవరో ఒకరు చెబుతూ వచ్చినందువలననే.