దత్తమండలముల శిస్తు

పెండ్లిమర్రి పొలములను చూచినపుడెల్ల నాకొక పాత లెక్క జ్ఞప్తికి వచ్చును. 1800లో నిజాము, కుంపిణీవారు తనకొసగిన సైన్యపు ఖర్చునకై కడప, బళ్లారి సీమలను వారికి ధారాదత్తము చేసెను. నాటినుండి ఆ ఖర్చు మన రైతుల శిస్తుపై పడెను. కలెక్టరు మన్రో పొలములు కొలిపించి శిస్తు నిర్ణయించెను; అది భారమని తానే గ్రహించి, నూటికి 25 వంతులు తగ్గింపవలెనని 1807లో వ్రాసెను. యుద్ధములచే అప్పులపాలైన కుంపిణీ ప్రభుత్వము అందులకు సమ్మతింపక, మరుసటి యేట గ్రామములను గుత్తకిచ్చెను. మన్రో మదరాసు గవర్నరైన పిదప, 1820లోగాని ఆ తగ్గింపు రాలేదు. ఖజానా పదుమూడేండ్లు ఓర్చగలదు. వానలేని యేట రైతు ఒక్క కిస్తుకైనను ఓర్వలేడు. ప్రభుత్వపు అప్పు ఎంతయని అడుగునపుడు, దానిని తీర్చువారెవరని కూడ మనము అడుగవలసియున్నది.