యెహోవా యుద్ధాలు – విధేయతా బోధ: పుట్టుపూర్వోత్తరాలు

ప్రాచీన ఇశ్రాయేలీయుల యుద్ధగాథల ఆధారంగా దైవవిధేయతను బోధించే సంప్రదాయం తణుకు మొదలు నరసాపురం వరకు పశ్చిమ డెల్టా క్రైస్తవ సంఘాలలో తరతరాలుగా కొనసాగుతున్నది. ఆకాను దొంగతనం, గిద్యోను మూడు వందల మంది, సౌలు పతనం ఆ బోధలో పదేపదే వినిపించే కథలు. వీటికి మూలమైన భావన సుమారు మూడు వేల ఏళ్ల క్రితం కనాను కొండ ప్రాంతంలో పుట్టి, రాజుల కాలంలో పదునెక్కి, దేశం కోల్పోయిన కాలంలో స్థిరపడింది.

ఇశ్రాయేలు పేరు చరిత్రలో మొదట కనిపించేది ఐగుప్తు రాజు మెర్నెప్తా క్రీ.పూ. 1208 ప్రాంతంలో వేయించిన విజయశాసనంలో. బైబిలు కథనం ప్రకారం అప్పటి గోత్రాలకు రాజు గానీ జీతపు సైన్యం గానీ లేవు. ఆపద వచ్చినప్పుడు న్యాయాధిపతి, అనగా దైవప్రేరణతో నాయకత్వం వహించినవాడు, బూర ఊదితే రైతులే యోధులయ్యేవారు. ఆ పోరాటాలకు యెహోవా యుద్ధాలని పేరు. ఆ పేరుతో ఉండి నేడు లభించని ఒక గ్రంథాన్ని సంఖ్యాకాండం ప్రస్తావిస్తుంది. ఊరీము, తుమ్మీము అనే యాజకుని సాధనాల ద్వారా ముందుగా దైవచిత్తం తెలుసుకోవడం, యోధులు తమను ప్రతిష్ఠించుకోవడం, విజయం తరువాత దోపుడు సొమ్మును శపితముగా, అంటే మనుషులు ముట్టరాని దేవుని సొత్తుగా, వదిలివేయడం ఆ యుద్ధాలలోని ముఖ్య నియమాలు. జర్మన్ పండితుడు గెర్హార్డ్ ఫాన్ రాడ్ 1951లో ప్రచురించిన గ్రంథం ఈ నియమాలను ఒక వ్యవస్థగా వివరించగా, తరువాతి పండితులు దానిని కొంతవరకు సవరించారు.

శపితము ఇశ్రాయేలుకే ప్రత్యేకమైన ఆచారం కాదు. 1868లో బయటపడిన మోయాబు రాజు మేషా శాసనం, సుమారు క్రీ.పూ. 840 నాటిది, నెబో పట్టణంలోని ఏడు వేల మందిని చంపి తన దేవతకు శపితం చేసినట్లు చెబుతుంది. తన దేశంపై కెమోషు దేవుడు కోపించినందువల్లనే పూర్వం ఓడామని మేషా అంగీకరించాడు గానీ, ఆ కోపానికి కారణమైన తప్పిదం ఎవరిదో చెప్పలేదు. ఇశ్రాయేలు గ్రంథకర్తల విశిష్టత ఇక్కడే ఉన్నది: వారు తప్పిదాన్ని తమ శిబిరంలోనే వెదికారు, పేరు పెట్టి చెప్పారు, రాజునైనా విడిచిపెట్టలేదు.

యెరికో గెలుపు వెంటనే చిన్న పట్టణమైన హాయి దగ్గర ఓటమి ఎదురైనప్పుడు, యెహోషువ గ్రంథం శత్రుబలాన్ని గాక, ఆకాను తన డేరాలో దాచిన పైవస్త్రాన్ని, రెండు వందల తులముల వెండిని, బంగారు కమ్మిని కారణంగా చూపింది. దేవుని సన్నిధికి గుర్తయిన మందసాన్ని రక్షరేకులా యుద్ధానికి మోసుకుపోయినవారు దానిని ఫిలిష్తీయులకు కోల్పోయారు. అమాలేకీయుల మంచి పశువులను బలికోసమే మిగిల్చామన్న సౌలు రాజుకు, మాట వినడం బలికంటె మేలని ప్రవక్త సమూయేలు జవాబిచ్చాడు. న్యాయాధిపతి గిద్యోను సైన్యం 32,000 నుంచి 300కు తగ్గింది, గెలుపు తమ బాహుబలమని ఎవరూ అతిశయించకుండా. ద్వితీయోపదేశకాండం రాజు గుర్రాలను విస్తారంగా కూర్చుకోరాదన్నది. కొత్త ఇల్లు కట్టినవానిని, ద్రాక్షతోట నాటినవానిని, పెండ్లి నిశ్చయమైనవానిని, భయపడినవానిని యుద్ధం నుంచి ఇంటికి పంపమన్నది. ముట్టడిలోనూ పండ్లచెట్లను నరకవద్దన్నది.

శపితము పేరిట జరిగిన సంహారం నేటి మనస్సాక్షిని కలచివేస్తుంది, కలచివేయవలసినదే. అయితే ఈ కథలను జరిగినది జరిగినట్లు రాసిన చరిత్రగా చదవడం కష్టం: పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ 1952–58 మధ్య యెరికోలో జరిపిన తవ్వకాలలో యెహోషువ కాలానికి సరిపడే ప్రాకారాలు దొరకలేదు. ఈ కథలలో చాలా భాగం క్రీ.పూ. ఏడవ, ఆరవ శతాబ్దాలలో తుదిరూపం పొందిందని అనేకమంది పండితుల అభిప్రాయం. అది అష్షూరు, బబులోను సామ్రాజ్యాల కింద నలిగి, క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేమును కోల్పోయిన కాలం. ఓడిన ప్రజకు ఈ కథలు యుద్ధాజ్ఞలుగా కంటె ఆత్మవిమర్శగానే ఉపయోగపడ్డాయి. దేవుడే యెరూషలేముపై యుద్ధం చేస్తాడని యిర్మీయా ప్రకటించగా, కొత్త నిబంధనలో ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆయుధాలను సత్యం, నీతి, విశ్వాసాలుగా మార్చింది.

డెల్టాకు ఈ బోధను తెచ్చినవారిలో ముఖ్యులు బ్రదరన్ మిషనరీలు. బ్రదరన్ మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రేరణతో ఇంగ్లండులోని బార్న్‌స్టాపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు 1836లో భారతదేశానికి వచ్చి, తరువాత పాలకొల్లు, నరసాపురాలలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ఏ సంస్థ జీతమూ లేకుండా దేవునిపైనే ఆధారపడాలన్న గ్రోవ్స్ సిద్ధాంతాన్ని అనుసరించినవారికి గిద్యోను పాఠం బ్రతుకుతీరే అయింది. 1818లో కొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు తెలుగులో వెలువడటంతో ఈ గాథలన్నీ ఒకే గ్రంథంలో చదువరులకు అందాయి. సంఘాలలో చేరినవారిలో అధికులు భూమి గానీ ఆయుధం గానీ లేని మాల, మాదిగ కుటుంబాలవారు. బలవంతుని తప్పును కూడా దేవుడు లెక్క అడుగుతాడన్న మాట వారికి ధైర్యం కాగల మాట.

కనుక ఈ గాథలను పొరుగువారిపై ద్వేషానికి సాధనంగా వాడడం వాటి పుట్టుకకే విరుద్ధం. వాటిని చదివేవారు ముందుగా తమ డేరాను తామే సోదా చేసుకోవాలి. బోధించేవారు ఆ పనిని తమతోనే మొదలుపెట్టాలి.