పని ఒకటే, పేరే వేరు: అమెరికా రైళ్లలో నల్లజాతి పోర్టర్ల పోరాటం

సైమన్ హోవర్డ్ నల్లజాతి రైల్వే కార్మికుడు. అమెరికాలో ఫ్రిస్కో లైన్‌గా పేరున్న సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేలో దాదాపు 40 ఏళ్లు పనిచేశాడు. ప్యాసింజర్ రైళ్లలో ఆయన చేసింది బ్రేక్‌మన్ పని. కంపెనీ ఇచ్చిన హోదా మాత్రం ‘ట్రైన్ పోర్టర్’. ఆ పేరు మీద నడిచిన వివాదం చివరికి అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. ‘ఇది ఎవరి పని?’ అనే ప్రశ్న వెనక ‘ఎవరిని బయటికి పంపాలి?’ అనే ప్రశ్న ఎలా దాక్కుంటుందో ఈ చరిత్ర చెబుతుంది.

పేరుతో వేసిన గీత

పోర్టర్ అంటే పెట్టెలు దించేవాడు, బోగీలు ఊడ్చేవాడు అని లోకం అనుకుంటుంది. ఫ్రిస్కో ట్రైన్ పోర్టర్లు బ్రేక్‌మన్ చేయాల్సిన పనులన్నీ చేసేవారు. ఊడవడం, ప్రయాణికులకు సాయం చేయడం వంటి పనులకు వాళ్ల సమయంలో 5 శాతం కూడా పట్టేది కాదని సుప్రీంకోర్టే రాసింది. అయినా వాళ్లు ‘బ్రేక్‌మన్’ కాలేదు. ఎందుకంటే అది తెల్లవాళ్ల హోదా. పోర్టర్ అనే పేరు కంపెనీకి తక్కువ జీతంతో పని జరిపించుకునే దారి. తెల్ల కార్మికులకు అది తమ మెట్టు కాపాడుకునే గోడ.

ప్రమాదం తగ్గాక పెరిగిన డిమాండ్

మొదట్లో బ్రేక్‌మన్ పని ప్రాణాంతకం. బోగీలను చేత్తో కలపాలి, కదిలే రైలు మీద నడుస్తూ బ్రేకు చక్రాలు తిప్పాలి. 1893లో వచ్చిన భద్రతా చట్టం ఎయిర్ బ్రేకులను, ఆటోమేటిక్ కప్లర్లను తప్పనిసరి చేసింది. ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ పని కూడా అంతే. దక్షిణాదిలో ఆ వేడిని, మసిని ఎక్కువగా నల్లజాతి వాళ్లే భరించారు. యంత్రాలు వచ్చి పని తేలికయ్యాక, 1918లో ప్రభుత్వం రెండు జాతులకూ సమాన వేతనం ప్రకటించాక, ఆ కొలువుల మీద తెల్ల యూనియన్ల కన్ను మరింతగా పడింది. 1930ల మొదట్లో మిసిసిపీ లోయలో నల్లజాతి ఫైర్‌మన్లను, బ్రేక్‌మన్లను కాల్చి చంపిన ఘటనలు కూడా జరిగాయి.

చట్టమే ఆయుధమైంది

1934లో సవరించిన రైల్వే లేబర్ చట్టం ప్రకారం, ఒక్కో విభాగంలో మెజారిటీ ఎంచుకున్న యూనియనే ఆ విభాగం మొత్తానికీ ప్రతినిధి. కానీ ప్రధాన యూనియన్లు నల్లజాతి వాళ్లకు సభ్యత్వమే ఇవ్వలేదు. అంటే తమను లోపలికి రానివ్వని సంఘమే తమ తరఫున సంతకం పెడుతుంది!

1941లో ఫైర్‌మన్ల యూనియన్ దక్షిణాది రైల్వేలతో ఒక ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ఏ విభాగంలోనూ నల్లజాతి ఫైర్‌మన్లు సగానికి మించకూడదు. అలబామాలో బెస్టర్ విలియం స్టీల్ మంచి ప్యాసింజర్ డ్యూటీ పోగొట్టుకున్నాడు. ఆ స్థానాలు సర్వీసులో తనకంటే జూనియర్లయిన తెల్లవాళ్లకు వెళ్లాయి. ఆయన తరఫున ప్రసిద్ధ నల్లజాతి న్యాయవాది చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ వాదించాడు. 1944 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చట్టం అధికారం ఇచ్చిన యూనియన్, జాతి వివక్ష లేకుండా అందరి తరఫునా నిలబడాలి. అమెరికా కార్మిక చట్టంలో ‘న్యాయమైన ప్రాతినిధ్య బాధ్యత’ అనే సూత్రం ఇక్కడే పుట్టింది. అయితే సభ్యత్వం ఇచ్చి తీరాలని మాత్రం కోర్టు అనలేదు.

హోవర్డ్ కేసు

స్టీల్‌ది, తెల్ల ఫైర్‌మన్లది ఒకే విభాగం. పోర్టర్లు కాగితం మీద వేరే విభాగం. వాళ్లకు వేరే సంఘమే ఉంది. కాబట్టి పోర్టర్ల పట్ల తమకే బాధ్యతా లేదని బ్రేక్‌మన్ల యూనియన్ వాదించింది. 1946లో సమ్మె బెదిరింపుతో ఫ్రిస్కోను లొంగదీసి, పోర్టర్ల కొలువులు ఎత్తేసి ఆ పని తెల్ల బ్రేక్‌మన్లకు ఇచ్చేలా ఒప్పందం చేయించుకుంది. 1952 జూన్ 9న సుప్రీంకోర్టు ఆరుగురు–ముగ్గురు మెజారిటీతో హోవర్డ్ పక్షాన తీర్పిచ్చింది. వేరే విభాగమనే సాకుతో నల్లజాతి కార్మికుల బతుకుతెరువు లాక్కోవడానికి చట్టం అనుమతించదని తేల్చింది. హ్యూస్టన్ ఆ తీర్పు చూడలేదు. 1950లోనే చనిపోయాడు. యూనియన్లు జాతి పేరుతో సభ్యత్వం నిరాకరించడాన్ని 1964 పౌరహక్కుల చట్టం నిషేధించింది.

మన్మాడ్‌లో అంబేద్కర్

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ ఇదే ప్రశ్న లేవనెత్తారు. అంటరాని కులాల వాళ్లు రైల్వేలో ఎక్కువగా గ్యాంగ్‌మన్లుగానే మిగిలిపోతున్నారు. పోర్టర్ కొలువు కూడా దక్కడం లేదు. ఎందుకు? పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంటి పని కూడా చేయాలి, సవర్ణ స్టేషన్ మాస్టర్ అంటరానివాడిని ఇంట్లోకి రానివ్వడు. అమెరికాలో సేవకుడి హోదా అని పోర్టర్ పేరు నల్లజాతి వాళ్లకు అంటగట్టారు. ఇక్కడ ముట్టుకుంటాడని అదే కొలువు అంటరానివాళ్లకు నిరాకరించారు. దారులు వేరైనా ఫలితం ఒకటే: మెట్టు ఎక్కనివ్వకపోవడం. కార్మికులకు బ్రాహ్మణీయత, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని ఆయన చెప్పింది ఈ సభలోనే.

ఇవాళ్టి లెక్క

పేరు మార్చి బాధ్యత తప్పించుకునే పద్ధతి ఇంకా పోలేదు. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం రైలు పట్టాల మీద మలం ఎత్తడాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. అదే నిర్వచనంలో ఒక మినహాయింపు పెట్టింది: కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ దుస్తులతో ఆ పని చేసే ఉద్యోగిని పాకీ కార్మికుడిగా లెక్కించరు. 2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు, పట్టాల మీద ఈ పనిని నిర్ణీత గడువులో అంతం చేయాలని రైల్వేను ఆదేశించింది.

హోవర్డ్ కేసు మనకిచ్చే పనిముట్టు ఇదే. హోదా పేరు చూసి ఆగిపోవద్దు. రోజంతా ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో రాసుకోవాలి. జీతం ఎంత, ప్రమోషన్ ఎక్కడ ఆగింది, చర్చల బల్ల దగ్గర ఆ మనిషి తరఫున ఎవరు కూర్చున్నారు అని అడగాలి. పోర్టర్లు కోర్టులో గెలవడానికి ఆధారమైంది, తాము నిజంగా చేసిన పని.