పందెపు మోటారు బొమ్మలు – పోతపనివారి కథ

మన యూళ్లలో పిల్లవాడు బండి కావలెనని మారాము చేసినప్పుడు, తాత రెండు తాటిబుర్రలకు కఱ్ఱ గ్రుచ్చి తోపుడుబండి చేసి యిచ్చుట మీ రెఱిగినదే. ఆ బండికిని నిజమైన యెడ్లబండికిని పోలిక యెంత? చక్రములు తిరుగుట యొక్కటియే పోలిక. పిల్లవాని కంతియే చాలును. కాని నిజమైన బండినే, దాని ప్రతి వంపును, ప్రతి యతుకును విడువక, ఇరువదియైదవ వంతునకు తగ్గించి చేయవలెనని పూనుకొను పెద్దవారు కొందఱు కలరు. వారి పని చూచువారి కాటవలె తోచును. అయినను ఆ యాటలో ఒక చరిత్రయు, ఒక ధర్మసందేహమును ఇమిడి యున్నవి. అమెరికాదేశపు పందెపు మోటారుల పైగూళ్లను చిన్నవిగా మలచి పోతపోయు ఈ విద్యను గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

ముందుగా ఆ పందెమెట్టిదో తెలియవలెను. దానిని డ్రాగ్ పందెమందురు. తిన్నని బాటపై రెండు మోటారులు ప్రక్కప్రక్కన నిలిచియుండును. సంజ్ఞ కాగానే బయలుదేరి, ఏది ముందుగా గుఱుతు దాటునో అదియే గెలిచినట్లు. బాటలో మలుపు లేదు. దూరము పావుమైలు, అనగా 1,320 అడుగులు. మన బండలాగుడు పందెమున ఎద్దుల తొలి పట్టు ఎంత ముఖ్యమో, ఇందును నిలిచినచోటినుండి తొలి కదలిక యంత ముఖ్యము.

కాలిఫోర్నియా దక్షిణభాగమున ఎండిపోయిన సరస్సుల యడుగులు మైళ్లకొలది చదునై యుండును. అచ్చటి యువకులు పాతమోటారులను కొని, బరువు తగ్గించి, యంత్రమునకు బలము కూర్చి, ఆ నేలలపై పరుగెత్తించెడివారు. వేగమును సరిగా కొలుచుటకై 1937లో వారొక సంఘమును గూడ నేర్పఱచుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఈ వేడుక ఊళ్లలోని వీథుల కెక్కి ప్రాణాపాయమునకు దారితీసెను. 1950లో శాంటా ఆనా అను పట్టణముచెంత విమానములు దిగు బాటమీద క్రమము తప్పని పందెములు మొదలయ్యెను. 1951లో వాలీ పార్క్స్ అనునాయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించి, ఈ పందెములకు నియమములను కల్పించెను. వేగము నానాటికి పెరిగినది. 2008లో ఒక చోదకుడు పందెమున మరణించిన మీదట, మిక్కిలి వేగముగల రెండు తరగతుల బండ్లకు దూరమును 1,000 అడుగులకు తగ్గించిరి.

ఇక పైగూటి సంగతి. మన బండివాడు మోపును ముందునకో వెనుకకో జరిపి కాడిమీది బరువును సరిచూచుకొనును గదా! పందెపు మోటారునకును అదే చిక్కు. యంత్రబలము వెనుకచక్రములకు చేరును. వానిపై బరువు చాలకున్నచో అవి నేలను పట్టక ఊరక తిరిగిపోవును. అందుచే 1965లో క్రైస్లర్ కంపెనీవారు తమ పందెపుబండ్లలో ముందు ఇరుసును 10 అంగుళములు, వెనుక ఇరుసును 15 అంగుళములు ముందునకు జరిపిరి. బండిబరువు వెనుకచక్రములమీదికి వచ్చినది గాని, రూపము వింతయైనది. చూచినవారు నవ్వి, ఫన్నీ కారు, అనగా నవ్వులబండి యని పేరుపెట్టిరి. ఆ పేరే నిలిచిపోయినది.

మఱుసటి సంవత్సరము, 1966లో, మెర్క్యురీ కామెట్ అను బండ్లకు ఇనుపఱేకు గూటిని విడిచి, గాజునారతో చేసిన ఒకేముక్క గూటిని తొడిగిరి. వెనుకవైపున కీలుండుటచే గూడుబండి గూటిని ఎత్తినట్లు దానిని పైకెత్తవచ్చును. ఆ గూటిని చేయు విధము గమనింపదగినది. నిజమైన మోటారు గూటికి అంటుకొనకుండ మైనము పూసి, దానిపై గాజునారను జిగురుతో పొరలుపొరలుగా పఱతురు. అది గట్టిపడిన తరువాత విడదీసినచో మూస యగును. మఱల ఆ మూస లోపల నారయు జిగురును పఱచి తీసినచో తేలికయైన క్రొత్తగూడు వచ్చును. ఆనాటినుండి పెద్దబండి గూడును మూసలో పుట్టినదే, బొమ్మబండి గూడును మూసలో పుట్టినదే. రెండును ఒకే విద్యకు బిడ్డలైనవి.

బొమ్మబండ్ల చరిత్ర యింతకంటె పాతది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ గారి కర్మాగారమువారు 1934 మొదలు డింకీ టాయ్స్ అను పేరుతో చిన్నమోటారులను అమ్మిరి. తుత్తునాగము ప్రధానముగాగల మిశ్రలోహమును కరగించి ఉక్కుమూసలలో పోతపోసిరి. ఆ లోహమున సీసము కొంచెము కలిసినను చాలును, కొన్నియేండ్లకు బొమ్మ లోపలినుండి ఉబ్బి, బీటలువారి, తుదకు పొడియగును. యుద్ధమునకు ముందు చేసిన బొమ్మలు పెక్కు, పెట్టెలో కదలక యుండియు ఇట్లే నశించినవి. లోహమున కున్న యీ రోగమును బొమ్మలు కూడబెట్టువారు తుత్తునాగపు తెగులని పిలుతురు.

అమెరికాలో 1948లో ఏ.ఎం.టి. అను సంస్థ వెలసెను. క్రొత్తమోటారును అమ్ము వర్తకులు తమ యంగడులలో చూపుటకు దాని చిన్ననమూనాలను ఈ సంస్థ చేసి యిచ్చెడిది. కొలత ఇరువదియైదవ వంతు. పదునాఱు అడుగుల బండి ఏడున్నర అంగుళములకు కొంచెము మించి యుండును. తొలినాటి నమూనాలను చేసిన ప్లాస్టిక్కు కాలక్రమమున ఎండిన తాటాకువలె వంగిపోయినది. పిదప మేలైన పదార్థము దొరకినది. 1958లో ఈ సంస్థ విడిభాగముల పెట్టెలను అమ్మసాగెను. ఒక్క పెట్టెలోని భాగములతోనే బండిని మూడువిధములుగా కూర్పవచ్చును. కంపెనీ చేసినట్లుండు రూపమొకటి, సొంతవేషము రెండవది, పందెపు రూపము మూడవది. లక్షణముగల బండిని తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనుట అనెడి రుచి బాలుర కిట్లు అలవడెను.

ఇచ్చటనే ఈ కథకు ముఖ్యమైన మలుపు కలదు. ఉక్కుమూసను చెక్కుటకు అపారమైన ధనము వ్యయమగును. మోటారు కంపెనీలో, ఏటేట బండిరూపమును మార్చుచుండెను. కావున బొమ్మల కంపెనీలు పాతమూసను ప్రక్కన పెట్టక, దానినే మఱల చెక్కి, మఱుసటియేటి రూపమునకు మార్చెడివి. ఒక్కొక్కప్పుడు సామాన్యమైన బండిమూసను పందెపుబండి మూసగా మార్చుటయు కలదు. ఉక్కును ఒకసారి తొలచినచో అది పూర్వరూపమునకు రాదు. ఆ యేటి బండిబొమ్మ ఆ యేటితోనే అంతరించినది. నిజమైన పందెపుబండ్లకును ఇదే గతి. కొన్ని తగులబడినవి, కొన్ని విఱిగినవి, కొన్నిటిని ముక్కలుచేసి క్రొత్తబండికి వాడుకొనిరి. గెలిచిన బండియు లేదు, దాని బొమ్మను చేయు మూసయు లేదు.

ఈ లోటును తీర్చినవారు ఇంటిపోతవారు. ఏ యటుకమీదనో మిగిలిన పాతబొమ్మ నొకదానిని వెదకి తెచ్చి, దానినుండి మెత్తనిమూస తీసి, పోయిన రూపమును మఱల లోకమునకు తెచ్చిరి. 1980 తరువాత ఈ పని పెక్కు ఇండ్లలో చిన్న కుటీరపరిశ్రమయై వ్యాపించెను.

వారు పనిచేయు తీరు వినుడు. మొదట మాతృక సిద్ధము కావలెను. సన్నని ఱంపముతో బొమ్మగూటిని కోసి, పైకప్పు నిలువుకమ్ములను కురచచేసి కప్పును క్రిందికి దింపుదురు. వెడల్పైన పందెపుచక్రములు పట్టునట్లు చక్రపుగూళ్లను విశాలము చేయుదురు. ఇరుసుల చోటును జరుపుదురు. అతుకులమీద లప్పము పెట్టి, ఆఱినపిదప ఉప్పుకాగితముతో రుద్ది, మఱల పెట్టి, మఱల రుద్దుదురు. వ్రేలితో తడిమినచో అతుకు తెలియరాదు. ఈ యొక్క పనికే నెలలు పట్టవచ్చును.

తరువాత మాతృకను చిన్నపెట్టెలో నిలిపి, సిలికోను అను రబ్బరుద్రవమును పోయుదురు. అది నిప్పు సోకకయే గట్టిపడును. లోపలి బోలును, వెలుపలి రూపమును వేఱువేఱుగ పట్టుకొనునట్లు మూసను రెండుభాగములుగా చేయుదురు. దానిలో రెండు ద్రవములను సరిపాళ్లలో కలిపి పోసినచో, అవి కొలదినిమిషములలో వేడెక్కి, గట్టిపడి, తెల్లని గూడగును. కలుపుటలో జాగుచేసినచో గిన్నెలోనే బిగిసిపోవును. గాలితేమ చేరినచో నురుగు పొంగును. బుడగ చిక్కుకొన్నచో గూటికి సొట్ట పడును. అందుకై కొందఱు ఒత్తిడిపాత్రలో నుంచి బుడగలను అణగించెదరు. ఆ ద్రవముల యావిరియు, రుద్దునప్పుడు లేచు ధూళియు ఊపిరితిత్తులకు చెఱుపు. ముక్కునకు కాపు లేక ఈ పని చేయరాదు.

ఇట్టి విద్య మనదేశమునకు క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణిచాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున, మైనపుబొమ్మపై మట్టి మెత్తి, మైనమును కరగించి తీసి, ఆ బోలులో లోహము పోయు పద్ధతి చెప్పబడినది. ఆదిలాబాదు అడవిసీమలోని ఓజులు నేటికిని మైనపుతీగెలను చుట్టి ఇత్తడివస్తువులను పోతపోయుచున్నారు. వారి పనికి 2018లో ఆదిలాబాదు డోక్రా అనుపేర భౌగోళికగుర్తింపు లభించెను. అయితే ఒక భేదము కలదు. ఓజులు పోత పూర్తికాగానే మట్టిమూసను పగులగొట్టుదురు. కాబట్టి ఏ వస్తువునకు అదియే సాటి. రెండవదానికి మఱల మైనముతోనే మొదలిడవలెను. రబ్బరుమూస యట్లుగాక, అరిగి చినుగులోపల కొన్ని పదుల ప్రతుల నిచ్చును.

ఆ సౌకర్యమునుండియే ధర్మసందేహము పుట్టినది. ఒకడు నెలలతరబడి శ్రమించి మాతృకను మలచును. మఱియొకడు వాని పోతను ఒక్కటి కొని, దానినుండియే మూసతీసి, తక్కువ వెలకు అమ్ముకొనును. కవి వ్రాసిన గ్రంథమును వేఱొకడు తనపేర అచ్చువేయించుకొన్నట్లే గదా! మొదటివాడును మోటారు కంపెనీవారి రూపమునే అనుకరించెను గదా యని రెండవవాడు వాదించును. ఆ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. పెద్ద బొమ్మల సంస్థలు మోటారు కంపెనీల యనుమతి పొంది రుసుము చెల్లించుచుండగా, ఇంటిపోతవారు పలువురు అట్లు చేయుట లేదు. అయినను నశించినదానిని బ్రతికించుట వేఱు, బ్రతికియున్న పనివాని కూటిలో చేయిపెట్టుట వేఱు. వారిలో పెద్దమనుషులు ఈ గీటు దాటరు. అంగడిలో దొరకునదానిని పోతపోయరు. మాతృక చేసినవాని యనుమతి నడుగుదురు. వాని పేరు చెప్పుదురు.

వస్తువే ఈ విషయమున సాక్ష్యము పలుకును. గట్టిపడునప్పుడు పోత రవంత కుదించుకొనును. ప్రతికి ప్రతి తీసినకొలది బండి చిన్నదగును, గీతలు మొద్దువాఱును. తగిన కొలతబద్దతో చూచినచో అది మొదటి ప్రతియో దొంగప్రతియో బయటపడును.

ఇంతకును ఏది నిలిచినది? తుత్తునాగపుబొమ్మ పొడియైనది. తొలి ప్లాస్టిక్కుబొమ్మ వంగినది. ఉక్కుమూసను చెక్కివేసిరి. రబ్బరుమూస చినిగినది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ శాఖ 1930లో బాలురకొఱకు ఒక నమూనాల పోటీని నెలకొల్పెను. మొదట నెపోలియను రాజరథమును, పిదప మోటారునమూనాలను బాలురు స్వహస్తములతో చేసి పంపిరి. గెలిచినవారికి విద్యావేతనములు దొరకెను. 1947లో ఆ పోటీలో గెలిచిన చార్లెస్ జోర్డాన్ అను యువకుడు కాలక్రమమున ఆ కంపెనీలోనే మోటారుల రూపకల్పన కంతటికి అధిపతియయ్యెను. పోటీ 1968లో ఆగిపోయినది. కాని అందు తీర్చిదిద్దబడిన చేతులు ఆ తరువాత అనేకసంవత్సరములు పనిచేసినవి.

కనుక పెద్దలారా, మీ యూర అచ్చుపనియో, పోతపనియో, చెక్కడపుపనియో ఎఱిగిన వృద్ధుడున్నచో, ఆయన చేసిన వస్తువును కొని గూటిలో దాచుటతో తృప్తిచెందకుడు. చురుకైన బాలు నొకనిని ఆయన ప్రక్కన కూర్చుండబెట్టుడు. తాటిబుర్రల బండికి ఏనాడును మూస లేదు. తాతచేతులను మనుమడు కనులార చూచుటవలననే ఆ బండి నేటివఱకు మన వీథులలో నడచినది.