రొయ్యలకు నాణ్యతా ప్రమాణము

ఇనుప ఖనిజమునకు పేరుపొందిన విశాఖపట్టణపు రేవునుండి శీతలీకరించిన రొయ్యలు కూడ విదేశములకు పోవుచున్నవి. ఖనిజములో ఇనుమెంతయో కొలిచి ధర కట్టవచ్చును. రొయ్యనంటిన సూక్ష్మజీవి మాత్రము కంటికి కానరాదు. అమ్మువాని మాటను కొనువాడు నమ్ముటెట్లు?

ఇందులకై భారతదేశము 1963లో ఎగుమతుల నాణ్యతా నియంత్రణ చట్టము చేసి, మరుసటి ఏట ఎగుమతి తనిఖీ మండలిని స్థాపించినది. తయారైన సరకునుండి కొన్ని నమూనాలు తీసి పరీక్షించుట నాటి పద్ధతి. వేయి పెట్టెలలో పది పరీక్షించినచో తక్కినవాని సంగతి తెలియునా?

1997లో పారిశుద్ధ్య లోపములు కారణముగా ఐరోపా యూనియన్ భారత, బంగ్లాదేశముల రొయ్యలను నిషేధించినది. పొరుగుదేశములు రెండింటికి ఒకేసారి దెబ్బ తగిలినది. శుభ్రముగా పనిచేసిన కర్మాగారముల సరకు కూడ నిలిచిపోయినది.

పిదప పద్ధతి మారినది. కడుగు నీరు, మంచుగడ్డ, పనివారి చేతులు, −18 డిగ్రీల శీతలగది మొదలుగా ప్రమాదము పుట్టగల ప్రతి దశలోను కొలిచి వ్రాసియుంచవలెను. 1960 దశకమున అమెరికాలో వ్యోమగాముల ఆహారమునకై రూపొందిన ఈ విధానమునకు హెచ్.ఎ.సి.సి.పి. అని పేరు. దీనిని పాటించి అనుమతి పొందిన కర్మాగారములకు ఐరోపా విపణి మరల తెరచుకొన్నది.

ఒకే నమూనాకు రెండు దేశముల ప్రయోగశాలలు ఒకే ఫలితము చెప్పిననాడే వాని ప్రమాణములు కలిసినట్లు.